భూమయ్య దీమం పుంజు

భూమయ్య పిట్టల మీద రాళ్లు విసిరేవాడు. పిట్టలను పెంచడానికే అతనికి జీతమిచ్చేవాళ్లు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెబితే షినాస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. రాళ్లు పట్టక ముందు అదే మనిషి ఎట్లా ఉండేవాడో చూసినవాణ్ణి నేను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి పక్కకు తప్పుకుంటాను. నా పేరు నిసార్ అహ్మద్, మాది కడప. ఒమాన్‌లో షినాస్‌కు పడమటి వైపు, కొండల మొదట్లో ఒక పెద్ద తోట ఉండేది. ఆ తోటలో స్టోరు చూసుకోవడం, పికప్ నడపడం, అర్బాబ్ మాట్లాడే అరబ్బీని మిగతావాళ్లకు విడమరిచి చెప్పడం నా డ్యూటీ. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం కూడా నా నెత్తినే పడింది. దానికి జీతం లేదు, చాయ్ మాత్రం దొరికేది.

అర్బాబ్ పేరు ఖల్ఫాన్. అరవై దాటిన మనిషి. చిన్నతనంలో ఆ కొండల్లో తెల్లవారితే హజల్ పిట్టల అరుపులకే నిద్ర లేచేవాడట. హజల్ అంటే మన కౌజు పిట్టకు అన్న వరస. కాస్త పెద్దది, కాళ్లు ఎర్రగా ఉంటాయి, ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. రోడ్లు పడి, పికప్పులు వచ్చి, పికప్పుకొక తుపాకీ తోడయ్యాక ఆ వాదీలో హజల్ అరుపు ఆగిపోయింది. వాదీ అంటే కొండవాగు. ఏడాదిలో నాలుగు రోజులు నీళ్లుంటాయి, మిగతా రోజులన్నీ రాళ్లే. తాను కన్ను మూసేలోపు ఆ అరుపు మళ్లీ వినాలని అర్బాబ్ పట్టుబట్టాడు. ఎక్కడి నుంచో పన్నెండు జతలు తెప్పించి, 1987లో షెడ్లు వేయించాడు.

పిట్టల బాధ్యత ఎహసాన్ సాబ్‌ది. హైదరాబాద్ మనిషి, కోళ్ల పెంపకం చదివి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు గానీ, ఈకలున్న ప్రతి ప్రాణీ ఆయనకు కోడిలాగే కనిపించేది. గుడ్లను మిషన్‌లో పొదిగించాడు. పిల్లలు బాగానే లేచాయి. కోడిపిల్లల దాణా వేశాడు. వారం తిరక్కుండా మెడలు వాల్చి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి. ఆ ఏడాది రోజూ పొద్దున గంపెడు పిల్లలను తోట వెనక పూడ్చడం కూడా నేనే చేశాను.

మరుసటి ఏడాది వసంతంలో షెడ్లకు గోడలు ఎత్తడానికి కాంట్రాక్టర్ నలుగురిని పంపాడు. అందులో ఒకడు భూమయ్య. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. అప్పటికి ముప్పై రెండేళ్లు. మస్కట్‌లో ఏదో సైట్‌లో సిమెంటు మోస్తూ, హమ్రియాలో పదకొండు మంది ఉన్న రూమ్‌లో పన్నెండోవాడుగా పడుకుంటూ వచ్చాడు. మిగతా ముగ్గురూ మధ్యాహ్నం అన్నం తిని నీడకు పోతే, ఇతను షెడ్డు ఇనుప జాలీ పట్టుకుని పిల్లల వైపు చూస్తూ నిలబడేవాడు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"వీటికి దాణా గాదు నిసార్ భాయ్. చెదలు ఎయ్యాలె."

"నీకెట్ల తెలుసప్పా?"

"మా తాత కౌజుల దీమం పెట్టేటోడు. నేను ఆయన ఎంబడి తిరిగినోన్ని."

దీమం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. పిల్లగా ఉన్నప్పుడే ఒక కౌజు పుంజును తెచ్చి మచ్చిక చేస్తారు. అది పెద్దదయ్యాక పంజరంలో పెట్టి పొలం గట్టు మీద ఉంచితే కూస్తుంది. తమ జాగాలోకి వేరేవాడు వచ్చాడని అడవి కౌజులు దాని మీదికి పోట్లాటకు వచ్చి, చుట్టూ పన్నిన ఉచ్చుల్లో పడతాయి. ఆ పుంజే దీమం. భూమయ్య తాత ఇంట్లో దానికి ఒక పద్ధతి ఉండేది. దీమం తిన్నాకే ఇంట్లో మనిషి తినాలి. దాన్ని అమ్మకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. అది చచ్చేదాకా మచ్చిక చేసినవాడే దగ్గరుండి చూసుకోవాలి. ఎందుకట్లా అని అడిగాను.

"అడివికి పనికిరాకుంట జేసింది మనమే గద భాయ్," అన్నాడు.

ఆ సాయంత్రమే అతను పడిపోయిన ఖర్జూరపు మొద్దును గడ్డపారతో చీల్చి, దోసెడు చెదలు తెచ్చి పిల్లల ముందు పోశాడు. నడవలేక పడి ఉన్నవి కూడా లేచి ఏరుకు తిన్నాయి. నెల తిరిగేసరికి ఎనభై పిల్లల్లో అరవై మూడు బతికాయి. గోడలు పూర్తయి ఆ ముగ్గురూ వెళ్లిపోయినా అర్బాబ్ భూమయ్యను వదల్లేదు. కాంట్రాక్టర్‌తో మాట్లాడి తన కాగితాల మీదికి మార్పించుకున్నాడు.

తర్వాత రెండేళ్లు ఆ మనిషి సంతోషాన్ని నేను చూశాను. గల్ఫ్‌లో అంత సంతోషంగా ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు. తాత దీమాన్ని ఎట్లా పెంచాడో అట్లాగే ఇతను మొత్తం మందను పెంచాడు. నూకలు నోట్లో నమిలి పెట్టేవాడు. నాలుకను అంగిలికి ఆనించి 'ట్క, ట్క' అని చప్పుడు చేస్తే చాలు, పిల్లలన్నీ కాళ్ల దగ్గరికి ఉరికొచ్చేవి. అతను నడిస్తే అరవై పిట్టలు వరసగా వెనక నడిచేవి.

"ఏం భూమయ్యా, పెండ్లి ఊరేగింపు యాడికి బోతాంది?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"కడపకే భాయ్. మీ ఇంట్లనే విడిది," అనేవాడు.

తోటకు ఎవరైనా పెద్దమనుషులు వస్తే ఎహసాన్ సాబ్ మొట్టమొదట భూమయ్య చేత నాలుక చప్పుడు చేయించేవాడు. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకాయన నా కెమెరాతోనే ఫోటో తీయించుకున్నాడు, భుజం మీద ఒక పిట్ట, చేతిలో ఒక పిట్ట. అందరం మురిసిపోయాం. వాటిని వదలాల్సింది తోటలో కాదని, అడవిలోనని మాలో ఒక్కరికీ తట్టలేదు. తప్పంతా తనదే అని తర్వాత భూమయ్య అన్నాడు గానీ, అందులో నా వాటా నాకు తెలుసు.

1990 ఫిబ్రవరిలో అరవై పిట్టల కాళ్లకు రింగులు వేసి, తోటకు పది మైళ్ల దూరంలో వాదీ మొదట్లో వదిలాం. పెట్టె తలుపులు తీశాక అవి ఎటూ పోలేదు. భూమయ్య చుట్టూ చేరాయి. అతను వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ, "పోండి బిడ్డా, పోండి" అంటూ పికప్ ఎక్కాడు. చాలా దూరం అవి మా వెనక పరుగెత్తాయి. అతను కళ్లు తుడుచుకున్నాడు. నేను అద్దంలో చూసి కూడా చూడనట్టు బండి నడిపాను.

పదో రోజు సుహైల్ అనే ముసలి మేకల కాపరి భుజాన ఒక సంచితో తోటకు వచ్చాడు. సంచిలోంచి ఇరవై ఒక్క రింగులు తీసి అరుగు మీద పోశాడు. తర్వాత ఒక బతికున్న పుంజును తీశాడు. ఆయన చెప్పిందంతా అక్కడే నిలబడి భూమయ్యకు చెప్పాల్సినవాణ్ణి నేనే.

సుహైల్ చెప్పింది ఇది. పొద్దున మేకలను పిలిచాడు. మేకలతో పాటు ఈ పిట్టలు వచ్చాయి. వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాయి. ఇంట్లో మనవలున్నారు, ఆకలి ఉంది, దేవుడు పంపాడనుకుని కోసుకున్నారు. రెండో రోజూ వచ్చాయి, మూడో రోజూ వచ్చాయి. నాలుగో రోజుకు అతనికి సిగ్గేసింది. వెంటపడి కొడితే వేట గానీ, నడిచివచ్చి చేతిలో నిలబడినదాన్ని కోస్తే వేట కాదన్నాడు. మిగతావి ఏమయ్యాయని అడిగాను. నక్కలు తిన్నాయి, డేగలు తన్నుకుపోయాయి. నీడ పడితే పొదలోకి దూరాలని కూడా వాటికి తెలియదన్నాడు.

అబద్ధం చెబుదామా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. అరుగు మీద రింగులు కనిపిస్తుంటే ఏం అబద్ధం చెబుతాం. ఉన్నదున్నట్టే చెప్పాను. భూమయ్య ఒకటే అడిగాడు.

"మేకల్ని ఎట్ల పిలిచిండట?"

నేను అరబ్బీలో అడిగాను. సుహైల్ నాలుకను అంగిలికి ఆనించి, 'ట్క, ట్క' అన్నాడు. ఆయన చేతిలో ఉన్న పుంజు మెడ చాచి, గొంతులో చిన్నగా పలికింది. తర్వాత రెక్కలు విదిలించి కిందికి దూకి, పరుగెత్తి భూమయ్య కాళ్ల మధ్యకు పోయి నిలబడింది.

భూమయ్య కూలబడ్డాడు. ఆ రింగులను ఒక్కొక్కటే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "నేనే కోసి ఇచ్చిన భాయ్," అన్నాడు. ఆ రెండు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాకు అతని మీద జాలి, నా మీద నాకు కోపం, రెండూ కలిసి వచ్చాయి.

ఆ ఏటి పిల్లలు లేచేసరికి అతను వేరే మనిషి అయ్యాడు. దాణా గోతాలు విప్పి, తల నుంచి మోకాళ్ల దాకా వచ్చే ముసుగు కుట్టుకున్నాడు. కళ్లకు రెండు బొక్కలు. ఆ ముసుగులో తప్ప పిల్లల దగ్గరికి పోయేవాడు కాదు. గోడలో గొట్టం పెట్టించి, చెదలూ నీళ్లూ అందులోంచే పోసేవాడు. పిల్లలు నెల దాటాక ముసుగు తీసేసి, మామూలు మనిషిగా జాలీ ముందు నిలబడి, 'ట్క, ట్క' అనేవాడు. ఆశగా ఏ పిట్టయినా తల ఎత్తిందా, రేకు డబ్బా దబదబా బాది, గులకరాళ్లు విసిరేవాడు. మనిషిని చూస్తే, ఆ చప్పుడు వింటే, వాటి గుండె జారాలి. రోజూ రెండు పూటలా ఇదే పని. రాళ్లు విసిరి వచ్చాక పైపు దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడేవాడు.

సంచిలో వచ్చిన పుంజును మాత్రం తన రూమ్ పక్కన పంజరంలో పెట్టుకున్నాడు. దానికి రాళ్లు లేవు, ముసుగు లేదు. చెదలు తినిపించాకే తాను తినేవాడు.

1991లో గల్ఫ్ యుద్ధం గోల సద్దుమణిగాక రెండో మందను వదిలాం. ఈసారి అవి మనుషుల దగ్గరికి రాలేదు. అంతవరకే గెలిచాం. నెల రోజులు వెతికి చూస్తే రెక్కలూ ఈకలే కనిపించాయి. మనిషంటే భయం నేర్పాడు గానీ, నక్కంటే భయం ఎట్లా నేర్పుతాడు? డేగ నీడ ఎట్లా పడుతుందో భూమయ్య మాత్రం ఎట్లా చూపిస్తాడు? యాభైలో ఒక్కటీ మిగల్లేదు.

అర్బాబ్ మమ్మల్ని మజ్లిస్‌కు, అంటే అతిథుల గదికి పిలిచాడు. ఖహ్వా కాఫీ పోయించాడు, కోప్పడలేదు. "ఇంకొక్కసారి. ఈసారీ ఇంతే అయితే షెడ్లు మేకలకు ఇచ్చేద్దాం. చంపడానికి పెంచే పాపం నాకొద్దు," అన్నాడు. నేను ఆ మాటను తెలుగు చేసి చెప్పాను. భూమయ్య తల ఎత్తి అన్నాడు.

"అర్బాబ్‌ను అడుగు భాయ్. అడివి పిట్టల్ని పట్టుకునేతందుకు సెలవియ్యుమను. ఒక జత చాలు. పిల్లలకు తల్లి కావాలె. నేను తల్లిని గాను."

ఎహసాన్ సాబ్ ముఖం చిట్లించాడు. మిషన్‌లో రెండు వందలు లేస్తుంటే, పెట్ట కింద ఇరవై పిల్లలేం లెక్క అన్నాడు. పైగా ఉన్న నాలుగు అడవి పిట్టలను కూడా పట్టేస్తే ఎట్లా అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అర్బాబ్ జపమాల పూసలు తిప్పుతూ తల ఊపాడు.

కొండ పైన, మనుషులు పోని చోట కొన్ని హజల్ పిట్టలు మిగిలి ఉన్నాయని సుహైల్ చెప్పాడు. భూమయ్య షినాస్‌లో చేపలవాళ్ల దగ్గర సన్న నైలాన్ దారం తెచ్చి, తాత నేర్పిన ముడితో నలభై ఉచ్చులు అల్లాడు. పంజరంలో పుంజును భుజాన పెట్టుకుని సుహైల్ వెనక కొండెక్కాడు. నేనూ పోయాను. పొద్దు పొడవక ముందే పుంజును బండ మీద పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని, దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. పుంజు కూసింది. రెండేళ్లుగా పంజరంలో ఉన్న పిట్ట అంత గట్టిగా కూస్తుందని నేననుకోలేదు. కొండ ఆవలి నుంచి జవాబు వచ్చింది.

మొదటి రోజు ఒక పెట్ట పడింది. తోటకు తెచ్చి షెడ్‌లో వదిలితే రాత్రికి రాత్రే పైకెగిరి, జాలీకి తల కొట్టుకుని చచ్చింది. భూమయ్య దాన్ని చేతిలో పట్టుకుని, "తాత ఉంటే నన్ను తన్నేటోడు," అన్నాడు. జాలీ కింద మెత్తటి గోతాల కప్పు కట్టి, మళ్లీ కొండెక్కాడు. పదకొండో రోజు ఒక జత పడింది. ఈసారి అవి ఎగిరాయి, గోతాలకు తగిలి కింద పడ్డాయి, బతికాయి. మిషన్‌లోంచి అప్పుడే లేచిన ఇరవై రెండు పిల్లలను సందె చీకట్లో ముసుగేసుకుని పోయి పెట్ట పక్కన వదిలాడు. తెల్లవారి చూస్తే, పెట్ట రెక్కల కింద నుంచి చిన్న చిన్న కాళ్లు కనిపించాయి. భూమయ్య ముసుగు తీయకుండానే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

నెల తర్వాత నేనొకటి చూశాను. షెడ్ మీదుగా ఒక గద్ద పోయింది. దాని నీడ ఇటు నుంచి అటు జారింది. అడవి పుంజు గొంతులో ఏదో అంది. ఇరవై రెండు పిల్లలు నేలకు అతుక్కుపోయాయి. నేను వాటినే చూస్తూ ఉండి కూడా, ఏది రాయో ఏది పిల్లో చెప్పలేకపోయాను. రెండేళ్లు భూమయ్య నేర్పలేనిది ఆ పుంజు ఒక్క అరుపుతో నేర్పింది. పక్కన ఎహసాన్ సాబ్ కూడా చూస్తున్నాడు. ఆ సాయంత్రం ఆయన మొదటిసారి భూమయ్యకు తన చేత్తో చాయ్ తెచ్చిచ్చాడు.

1992 నవంబర్‌లో బతికిన పంతొమ్మిది పిల్లలనూ, ఆ అడవి జతనూ వాదీలో వదిలాం. ఈసారి పెట్టెల తలుపులకు తాడు కట్టి, దూరం నుంచి లాగాం. ఒక్క పిట్ట వెనక్కి తిరిగి చూడలేదు. భూమయ్య తాత పద్ధతిని తిరగేసి వాడాడు. పంజరపు పుంజును పక్కనే గుట్ట మీద పెట్టాడు, దాని కూతకు కట్టుబడి మంద చెల్లాచెదురు కాకుండా ఒకచోట ఉండాలని. పట్టడానికి వాడే దీమాన్ని నిలబెట్టడానికి వాడాడు. పుంజును నక్క ఎత్తుకుపోకుండా ఇరవై రోజులు గుట్ట వెనక గుడారం వేసుకుని కాపలా కాశాడు. మంద వైపు ఒక్కసారీ పోలేదు.

ఇక చెప్పాల్సింది 1993 ఏప్రిల్‌లో జరిగింది. ఆ చలికాలం వానలు బాగా పడ్డాయి, వాదీలో గడ్డి లేచింది. సుహైల్ వచ్చి, పొద్దున్నే కూత వినిపిస్తోందన్నాడు. అర్బాబ్ తానూ వస్తానన్నాడు. ఆయన మోకాళ్లు పోయి అప్పటికే కర్ర పట్టాడు. ఆయన్ని పికప్ ముందు కూర్చోబెట్టుకున్నాను. భూమయ్య పుంజును పంజరంలో పెట్టుకుని వెనక ఎక్కాడు. దాన్ని ఎవరి చేతిలోనూ వదిలిపెట్టి వచ్చేవాడు కాదు.

రేగు పొదల వెనక బండి ఆపాం. కాసేపటికి గడ్డిలోంచి ఒక పెట్ట బయటికి వచ్చింది. కాలికి రింగు ఉంది. దాని వెనక బొటనవేలంత పిల్లలు, రింగులు లేనివి. నేను తొమ్మిది లెక్కపెట్టాను. అటు పక్క ఇంకో జత, దాని వెనక ఇంకొన్ని. మిషన్ చూడని పిల్లలు, మనిషి చెయ్యి తగలని పిల్లలు. గుట్ట మీద ఒక పుంజు కూసింది. అర్బాబ్ కళ్లు మూసుకుని విన్నాడు, మా ఇద్దరి వైపూ చూడలేదు.

భూమయ్య బండి దిగాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమై, "వద్దప్పా," అన్నాను. అతను విన్లేదు. పొద దాటి పది అడుగులు వేసి, పిట్టలకు కనిపించేలా నిలబడ్డాడు. రింగులున్నవి అతను గొట్టంలోంచి చెదలు పోసి పెంచినవి. పిలిస్తే వస్తాయా, రావా? అందులోనే ఉంది అంతా. వస్తే ఆరేళ్ల పనీ మట్టి.

'ట్క, ట్క' అన్నాడు.

పెట్ట ఒక్క అరుపు అరిచింది. పిల్లలు ఉన్నచోటే మాయమయ్యాయి. పెద్దవి రాళ్ల మీదుగా పరుగెత్తి, గుట్ట ఎక్కి, ఆవలికి దిగిపోయాయి. వాదీలో గడ్డి తప్ప ఏమీ మిగల్లేదు. భూమయ్య నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో సంతోషం ఉంది, నేను ప్రమాణం చేసి చెబుతాను. కన్నీళ్లు కూడా ఉన్నాయి.

అప్పుడే పికప్ వెనక నుంచి జవాబు వచ్చింది. పంజరంలో పుంజు ఊచలకు రొమ్ము ఆనించి, మెడ చాచి, గొంతులో పలుకుతోంది. ఆ వాదీ మొత్తంలో అతని పిలుపుకు వచ్చేది అదొక్కటే. భూమయ్య ముఖంలో సంతోషం అట్లాగే ఆగిపోయింది. నెమ్మదిగా వచ్చి, జేబులోంచి చెదల పొట్లం తీసి, ఒక్కొక్కటే దానికి పెట్టాడు. "నీ ఒక్కని అన్యాలం జేసిన రా," అన్నాడు.

ఆ ఏడాది నుంచి తోటలో భూమయ్యకు పెద్దగా పని లేదు. షెడ్లు ఒక్కొక్కటే మూసేశారు. అర్బాబ్ ఖర్చులకు ఇచ్చి, ఇంటికి పొమ్మన్నాడు. భూమయ్య పోలేదు. ఖర్జూరాలకు నీళ్లు కట్టే పని అడిగి తీసుకున్నాడు. ఊళ్లో అతని భార్య చిన్నవ్వ ఉంది, ఇద్దరు ఆడపిల్లలున్నారు. తక్కిన పనివాళ్లు రియాళ్ల మీద ఆశ చావలేదని వెనక అనుకునేవాళ్లు. ఎప్పుడొస్తావని చిన్నవ్వ రాయిస్తే, కంపెనీ సెలవు ఇస్తలేదని రాయమనేవాడు. నేను రాశాను. ఒకసారి కాదు, ఏడాదిన్నర పాటు ఆ అబద్ధం నా చేత్తో రాశాను.

ఒకరోజు కలం కింద పెట్టేశాను. "ఆ పుంజు మీద దిగులుగా ఉంటే నేను చూసుకుంటా గదప్పా. పో, పిల్లోళ్లు ఎదురుచూస్తాండారు," అన్నాను.

"మీ చేతికియ్యద్దు భాయ్. మీ మీద నమ్మకం లేక కాదు."

"అడవిలోనన్నా వదులు."

"సుహైల్ మేకల్ని పిలిస్తే పోతడు వాడు."

నాకు కోపం వచ్చింది. ఒక పిట్ట కోసం పెళ్లాం బిడ్డలను ఉసురు పెట్టే మనిషిని నేనెక్కడా చూడలేదని గట్టిగానే అన్నాను. అబద్ధం ఇక రాయను, రాస్తే నిజమే రాస్తానన్నాను. అతను అట్లాగే రాయమన్నాడు. రాశాను. పుంజు సంగతి, రింగుల సంగతి, వాదీలో అది ఒక్కటే పలికిన సంగతి, అన్నీ రాశాను. పోస్టు చేసి వచ్చి, ఇక ఆమె తిట్లు చదివి వినిపించాల్సింది కూడా నేనే గదా అనుకున్నాను.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. చిన్నవ్వకు చదువు రాదు, పెద్దబిడ్డ చేత రాయించింది. చిన్నవ్వ భూమయ్యకు మేనత్త బిడ్డ అని, ఆ తాత ఆమెకూ తాతే అని నాకు అప్పటిదాకా తెలియదు. ఉత్తరం పొడవుగా లేదు. "ఇన్నేండ్లు కంపెనీని తిట్టుకున్న. ముందే జెప్తే అయిపోయేది గద. వాడు ఉన్నన్ని దినాలు ఉండు, వాన్ని ఇంకొకల చేతికిచ్చి మాత్రం ఇంటికి రాకు. పిల్లలు మంచిగున్నరు," అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే భూమయ్య లేచి బయటికి పోయి, పుంజు పంజరం పక్కన కూర్చున్నాడు.

ఆ పుంజు 1996 జనవరిలో చచ్చిపోయింది. ఏడేళ్లు బతికింది. చివరి నెలలో దానికి చూపు పోయింది. అప్పుడు కూడా నాలుక చప్పుడు వింటే తల ఎత్తేది. భూమయ్య నన్ను వాదీకి తీసుకుపొమ్మన్నాడు. మొదటి మందను వదిలిన చోట, రేగు పొద కింద చేత్తోనే గుంట తీశాడు. పుంజును పెట్టి, ఆరేళ్లు దాచిన ఆ ఇరవై ఒక్క రింగులూ దాని పక్కన పోసి, మట్టి కప్పాడు. గుట్ట మీద హజల్ పిట్టలు కూస్తున్నాయి. మమ్మల్ని చూసి కూత ఆపేశాయి.

ఆ పూట అతను అన్నం తినలేదు. మరునాడు పొద్దున నా స్టోరుకు వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "ఇగ టికెట్ తియ్యుండ్రి భాయ్," అన్నాడు.